దుబాషీ నుండి మండీ వరకు: ఏజెంటు బాధ్యతలు

చెన్నైలోని చూళై ప్రాంతంలో అవధానం పాపయ్య పేరిట ఒక వీధి ఉన్నది. వాడుకలో ఆ పేరు ‘పేపియర్’గా మారిపోయినందున అది ఒక తెలుగువాని పేరని గుర్తించేవారు అరుదు. పద్దెనిమిదవ శతాబ్ది చివర మద్రాసు గవర్నరుగా ఉండిన జాన్ హాలండ్‌కు, అతని సోదరునికి పాపయ్య దుబాషీ. రెండు భాషలు తెలిసినవాడు అన్న అర్థంలో పుట్టిన ఈ మాట క్రమంగా దొర తరఫున బేరమాడి, సరుకు కొని, లెక్క చూసే ప్రతినిధికి పేరైంది. 1639లో కుంపిణీ మద్రాసులో స్థలం సంపాదించిన నాటి నుండే బేరి తిమ్మప్ప వంటి తెలుగువారు ఈ పాత్ర వహించారు. పాపయ్య కథ మాత్రం మరొక విధంగా ముగిసింది. కుంపిణీ ఉద్యోగి డేవిడ్ హాలిబర్టన్‌పై కుట్ర పన్నాడన్న అభియోగంపై 1792లో విచారణ జరిగి, అతడు దోషిగా తేలాడు.

అతనికి శిక్ష పడినది కుట్రకు. యజమానికి ప్రతినిధి ఏ మేరకు జవాబుదారీ అన్న ప్రశ్నకు ఈ దేశంలో స్పష్టమైన లిఖిత సమాధానం రావడానికి మరో ఎనభై సంవత్సరాలు పట్టింది. 1872 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన భారత కాంట్రాక్టు చట్టం పదవ అధ్యాయంలో, 182 నుండి 238 వరకు గల సెక్షన్లు ఏజెన్సీకి సంబంధించినవి. వానిలో 211 నుండి 218 వరకు గలవి ఏజెంటు యజమానికి పడిన బాధ్యతలు. ఇవి నేటికీ అమలులో ఉన్నవి.

సరిహద్దు జిల్లాల పాఠకులకు ఈ సెక్షన్లు కోయంబేడు మార్కెట్టు వద్ద ఎదురవుతాయి. జార్జిటౌనులోని కొత్తవాల్ చావడి నుండి 1996లో టోకు వ్యాపారం అక్కడికి తరలిన తరువాత మదనపల్లె టమోటా, చిత్తూరు మామిడి చేరేది ఆ మండీలకే. కమీషను మీద సరుకు అమ్మిపెట్టే మండీ యజమాని చట్టం దృష్టిలో ఏజెంటు. సరుకు పంపిన రైతే అసలు యజమాని. ఆచరణలో ఎవరు ఎవరికి చేతులు కట్టుకొని నిలబడుతున్నారన్నది వేరే సంగతి.

రైతు ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఆదేశం లేనప్పుడు ఆ చోట ఆ వ్యాపారంలో చెల్లే ఆచారం ప్రకారం అమ్మాలని 211వ సెక్షను చెబుతున్నది. అరువుకు అమ్మే ఆచారం లేనిచోట ఏజెంటు అరువుకు అమ్మి, కొన్నవాడు దివాలా తీస్తే ఆ నష్టం ఏజెంటే భరించాలి; కొన్నవాని పరపతి ఆనాడు ఎంత గొప్పదైనా సరే. చట్టంలో ఇచ్చిన ఉదాహరణే ఇది. ఆ వ్యాపారంలో సాధారణంగా ఉండే నైపుణ్యం, తగిన శ్రద్ధ చూపాలని 212వ సెక్షను. అడిగినప్పుడు సరైన లెక్క చూపాలని 213వ సెక్షను అంటున్నవి. లెక్క అడగడం రైతు హక్కు, మండీవారి దయ కాదు. చిక్కు వచ్చినప్పుడు శక్తివంచన లేకుండా కబురు చేసి సలహా కోరాలి. టెలిఫోను లేని కాలంలోనే విధించిన బాధ్యత ఇది. నేడు ‘మిమ్మల్ని పట్టుకోలేకపోయాము’ అన్న సాకు నిలవడం కష్టం.

అన్నింటికంటె పదునైనవి 215, 216 సెక్షన్లు. రైతు సరుకును మండీ యజమాని తన బావమరిది పేర తానే తక్కువ ధరకు కొని, మరునాడు ఎక్కువకు అమ్మినాడనుకుందాము. ముఖ్యమైన విషయం దురుద్దేశంతో దాచాడని గాని, ఆ వ్యవహారం తనకు నష్టకరమని గాని రుజువు చేస్తే రైతు ఆ అమ్మకాన్ని తిరస్కరించవచ్చు. తనకు తెలియకుండా ఏజెంటు సొంత లెక్కన చేసిన వ్యవహారంలో వచ్చిన లాభాన్ని రాబట్టుకోవచ్చు. ఏజెన్సీలో దుష్ప్రవర్తనకు పాల్పడితే ఆ మేరకు కమీషను కూడా రాదని 220వ సెక్షను నిర్దేశిస్తున్నది.

ఏజెంటుకూ హక్కులు ఉన్నవి. కమీషను, ఆ వ్యాపారం నడపడానికి తాను పెట్టిన ఖర్చు మినహాయించుకొని మిగతా చెల్లించవచ్చు. రైతులు తరచుగా గమనించనిది 202వ సెక్షను. సరుకు మీద ముందుగా సొమ్ము ఇచ్చి, దానిని అమ్మి బాకీ తీర్చుకొమ్మన్న ఒప్పందంపై సరుకు అందుకున్న ఏజెంటు అధికారాన్ని, భిన్నమైన షరతు లేనిదే, మధ్యలో రద్దు చేయడం సాధ్యం కాదు. అడ్వాన్సు తీసుకునేవారు సంతకానికి ముందే ఆలోచించవలసిన విషయమిది. అయితే బాకీ ఉన్నంత మాత్రాన లెక్క చూపనక్కరలేదని ఏజెంటు అనరాదు.

చెన్నైలో ఇల్లో, స్థలమో ఉండి ఊళ్లో స్థిరపడినవారు, విదేశాలకు వెళ్లినవారు బంధువులకు ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కూడా ఏజెన్సీయే. ప్రతిఫలం లేకున్నా ఏజెన్సీ ఏర్పడుతుంది కనుక, పైసా తీసుకోని మేనల్లుడైనా అద్దె లెక్క చెప్పవలసిందే. ఒక ఇల్లు కొనిపెట్టమంటే, అది దొరకదని చెప్పి తానే కొనుక్కున్న ఏజెంటును, అతడు పెట్టిన ధరకే తనకు అమ్మవలసిందిగా యజమాని ఒత్తిడి చేయవచ్చు. ఇదీ చట్టంలోని ఉదాహరణే.

పవర్ పత్రం చేతికి రాగానే ఆస్తి తనదైనట్లు భావించేవారున్నారు. అది యాజమాన్యాన్ని బదిలీ చేయదని సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు 2011 అక్టోబరు 11న తేల్చింది. ఏజెంటుకు ఆస్తిలో సొంత హక్కు లేని సాధారణ పవర్, ఇచ్చినవారి మరణంతో ముగుస్తుంది. మరణవార్త తెలిసిన తరువాత దానిపై అమ్మకం సాగించే అధికారం ఏజెంటుకు లేదు. అప్పుడు మిగిలేది, వారసుల తరఫున ఆస్తి ప్రయోజనాలను కాపాడడానికి తగిన చర్యలు తీసుకొనే బాధ్యత మాత్రమే. అది 209వ సెక్షనులో ఉన్నది.

లెక్క చెప్పని సొమ్ము కొరకు దావా వేయడానికి గడువు మూడు సంవత్సరాలు. ఏజెన్సీ కొనసాగుతుండగా లెక్క అడిగి, ఏజెంటు నిరాకరించిన నాటి నుండి ఆ గడువు మొదలవుతుంది. అడగనేలేదంటే ఏజెన్సీ ముగిసిన నాటి నుండి. అందువలన లెక్క అడిగేది నోటిమాటగా గాక లిఖితపూర్వకంగా తపాలా ద్వారా అడిగి, రసీదును, వచ్చిన జవాబును భద్రపరచుకోవడం మేలు.