170 డాలర్ల కథ

ఆపదలో అన్నదమ్ములు ఆదుకుంటే అది రక్తసంబంధం. పక్కింటివారు ఆదుకుంటే అది ఇరుగుపొరుగు ధర్మం. మన పేరు, ఊరు, భాష ఏదీ ఎరుగని మనిషి, మనం అడగకుండానే చెయ్యి అందిస్తే దానిని ఏమనాలి? మన ఉర్దూలో ఇన్సానియత్ అంటాము, తెలుగులో మానవత్వం అంటారు. అటువంటి సంగతి ఒకటి చరిత్రలో నుంచి తీసి ఈ సావనీరు చదువరుల ముందు పెట్టాలని మా కోరిక.

1845లో ఐర్లండు దేశంలో ఆలుగడ్డ పంటకు తెగులు పట్టింది. అక్కడి బీదలకు అన్నమైనా, రొట్టె అయినా ఆలుగడ్డే. నేల తవ్వి తీస్తే దుంప నల్లబడి, కుళ్లి కంపు కొట్టేది. ఇది ఒక్క ఏడుతో పోలేదు, ఏళ్ల తరబడి సాగింది. అప్పుడా దేశం బ్రిటిష్ వారి ఏలుబడిలో ఉంది. జనం ఆకలితో పడిపోతున్నా ధాన్యం మాత్రం ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉండేది. 1841 జనాభా లెక్కల్లో 80 లక్షలకు పైబడి ఉన్న ఆ దేశంలో సుమారు 10 లక్షల మంది ఆకలికీ, జ్వరాలకూ చనిపోయారు. మరో 10 లక్షలకు పైగా జనం ఇల్లూ వాకిలీ విడిచి పరదేశాలకు పోయారు.

ఆ కబురు లోకమంతా పాకింది. మన దేశంలో కలకత్తా నుంచి చందాలు వెళ్లాయి. ఇస్తాంబుల్ నుంచి ఉస్మానియా సుల్తాను అబ్దుల్ మజీద్ 1,000 పౌండ్లు పంపారు. ఆయన 10,000 ఇవ్వబోయారనీ, విక్టోరియా రాణి ఇచ్చింది 2,000 మాత్రమే కనుక ఆమెకు మించి ఇవ్వడం మర్యాద కాదని తగ్గించారనీ ఒక కథ చెబుతారు. కథ సంగతి ఎట్లా ఉన్నా, ఐర్లండు పెద్దలు సుల్తానుకు కృతజ్ఞతాపత్రం రాసి పంపిన మాట నిజం.

అయితే మేము చెప్పదలచింది సుల్తాను కథ కాదు. సుల్తానుకు ఖజానా ఉంది. ఖజానా లేనివారి కథ ఇది.

అమెరికాలో చోక్టా అనే ఆదివాసీ జాతి ఉంది. మిసిసిపి ప్రాంతంలో తరతరాలుగా వారు దున్నుకున్న నేలను 1830లో అమెరికా ప్రభుత్వం ఒక ఒప్పందం పేరిట తీసేసుకుంది. 1831 నుంచి వారిని పడమటికి, ఇప్పటి ఓక్లహోమాకు తరలించారు. చలికాలం, మంచు, చాలని తిండి, చాలని బట్ట. దారిలో ఆకలి, కలరా వేలమందిని తీసుకుపోయాయి. ఆ బాటకు చరిత్రలో కన్నీటి బాట అని పేరు పడింది.

ఇది జరిగి పదహారేళ్లు గడిచాయి. 1847 మార్చి 23న స్కల్లీవిల్ అనే చోట ఒక సభ జరిగింది. సముద్రానికి అవతల ఎవరో ఐర్లండువారట, ఆకలితో చచ్చిపోతున్నారట అని అక్కడ చెప్పారు. చోక్టా వారు ఐర్లండును ఎరుగరు, ఐర్లండువారు వీరిని ఎరుగరు. “మా గతే ఇట్లా ఉంటే ఒకరికేమి పెట్టగలం” అని వారు అని ఉంటే తప్పుపట్టేవారెవరు? కాని వారు అట్లా అనలేదు. ఆ సభలో 170 డాలర్లు పోగయ్యాయి. మిషనరీలు, వర్తకులు కూడా ఇచ్చారు గాని, అందులో మంచి భాగం చోక్టా వారిదే. తర్వాత కొన్ని పుస్తకాల్లో అంకెలు తారుమారై 710 అని కూడా పడింది. సరైన లెక్క 170.

మేము తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక అబ్బాయి లేచి, “సార్, లక్షలమంది చస్తుంటే 170 డాలర్లతో ఎందరికి తిండి పెడతారు?” అని అడిగాడు. మాకు వెంటనే జవాబు తోచలేదు. లెక్క ప్రకారం వాడన్నది నిజమే. రాత్రంతా ఆలోచించి మరునాడు ఇట్లా చెప్పాము: “బాబూ, ఆ డబ్బు ఎన్నాళ్లు తిండి పెట్టిందో నేను చెప్పలేను. ఎన్నాళ్లు గుర్తుందో మాత్రం చెప్పగలను.”

1992లో ఐర్లండు నుంచి కొందరు వెళ్లి చోక్టా వారితో కలిసి ఆ కన్నీటి బాట వెంట నడిచారు. ఆ నడకలో పోగైన సొమ్ము ఎవరికి పోయిందనుకుంటున్నారు? అప్పుడు కరువుతో అల్లాడుతున్న సోమాలియాకు! 1995లో ఐర్లండు అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ స్వయంగా చోక్టా వారి దగ్గరకు వెళ్లి కృతజ్ఞత చెప్పి వచ్చారు. 2017లో ఐర్లండులోని మిడిల్టన్ ఊళ్లో వారి జ్ఞాపకార్థం తొమ్మిది ఉక్కు ఈకలు గుండ్రంగా నిలిచిన స్మారకాన్ని ఆవిష్కరించారు. 2020లో కరోనా రోగం నవాహో, హోపీ అనే వేరే ఆదివాసీ జాతులను పట్టి పీడించినప్పుడు ఐర్లండు సామాన్యులు వేలాదిగా చందాలు పంపారు. చాలామంది చోక్టా వారి పేరు తలచుకుని మరీ ఇచ్చారు. చోక్టా వారు ఇచ్చింది ఐర్లండుకు, బదులు అందింది సోమాలియాకు, నవాహోకు, హోపీకి. ఇచ్చిన చేతికే తిరిగి రావాలని మంచితనానికి నియమం లేదు.

ప్రతి ఏటా మేము చందా పుస్తకం పట్టుకుని గల్లీ గల్లీ తిరుగుతాము. కొందరు పది రూపాయలు చేతిలో పెట్టి, “మాస్టర్ సాబ్, ఇంత తక్కువకు పేరు రాయకండి, సిగ్గుగా ఉంటుంది” అంటారు. ఈ వ్యాసం వారికోసమే రాశాము. 170 డాలర్లు ఇచ్చినవారు తక్కువని సిగ్గుపడి ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. పేరు రాయనివ్వండి.