నాబోతు తోట – మన సంఘముల ప్రార్థన

పుంగనూరు, కుప్పము గ్రామములలో నాబోతు కథ చెప్పడానికి బోధకునికి పెద్ద వివరణ అవసరమై ఉండదు. పుంగనూరు ఒక జమీందారీ. కుప్పము కంగుంది జమీందారీలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు, కడప జిల్లా నుండి వచ్చిన మదనపల్లెతో పాటు ఇవి కూడ ఆ జిల్లాలో చేరాయి. 1948లో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చేదాక అక్కడి రైతు జమీందారు మాట మీద బ్రతికినవాడే. పిత్రార్జితమును రాజుకైనా ఇవ్వనన్న నాబోతును మన పూర్వులు తమవాడిగా ఎంచుకొని ఉంటారని మా నమ్మకము.

మదనపల్లెకు 1863లో వచ్చిన ఆర్కాటు మిషను వైద్యుడు డాక్టరు జేకబ్ చేంబర్లేను గారు తెలుగు పాత నిబంధన సవరణ సంఘమునకు 1873 నుండి 1894 వరకు అధ్యక్షులుగా శ్రమించి, 1908లో కన్నుమూశారు. ఆ సేవకు మనమెంతో ఋణపడి ఉన్నాము. అయితే మిషను కాలములో బడి, జీతము, ఇల్లు అన్నీ దొరల చేతిలో ఉండేవన్నది కూడ నిజమే. శతజయంతి సంచికలో పొగడ్తలకేమి కొదవ, ఇదొకటి కూడ ఉండనివ్వండి.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది. కాలక్రమమున కమిటీలు, కుర్చీలు, మినిట్సు పుస్తకములు మనవైనవి. మనము మాత్రము ఇంకా నాబోతు పక్షముననే కూర్చొని ఆ అధ్యాయము చదువుతున్నాము.

రాజులు మొదటి గ్రంథము 21వ అధ్యాయమును నిదానముగా చూడండి. అహాబు అన్నము మాని, ముఖము త్రిప్పుకొని పడుకొన్నాడు. తోట ఎలా వచ్చిందని తరువాత అడగనే లేదు. అడగకపోవడమే అతని ఆత్మవంచన. యెజెబెలు రాజముద్ర వేసి ఉత్తరములు పంపింది, ఉపవాస దినము చాటించమన్నది. పని జరిపించినవారు ఆ ఊరి పెద్దలే. అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి, సాక్షులు కూడ ఇద్దరున్నారు! సమూయేలు రెండవ గ్రంథము 11లోను ఉత్తరమే ఆయుధము. ఊరియా తన మరణపత్రమును తానే మోసుకొనిపోయాడు. దావీదుకు కోపము వచ్చినది నాతాను కథలోని ధనవంతుని మీద. ఆ ధనవంతుడు తానేనని అతనికి తట్టలేదు.

మా సంఘములో ఒకప్పుడు గుడి కావలిదారు కాపురమున్న గదిని ఖాళీ చేయించాలని కమిటీ తీర్మానించింది. సంతకము చేసినవారిలో మేమూ ఉన్నాము. ఆ సమావేశపు సర్క్యులరును ఇంటింటికి త్రిప్పి సంతకములు తెచ్చినది ఆ కావలిదారే. చదువు రానివాడు. ఆ మీటింగును ప్రార్థనతోనే ఆరంభించాము. వచ్చిన శ్రమకాల శుక్రవారమున 51వ కీర్తనను కలిసి చదివి, కన్నీరు కూడ పెట్టుకొన్నాము. అతడు ఎవరికీ గుర్తు రాలేదు.

చాల ఏండ్లకు ఒక ఉపవాస కూడికలో నాబోతు అధ్యాయమును మూడుసార్లు చదివించారు. ఒక్కొక్కసారి చదివిన తరువాత కాసేపు మౌనము. మొదట నాబోతుగా వినమన్నారు, తరువాత అహాబుగా, చివరకు ఆ ఊరి పెద్దలలో ఒకరిగా. మూడవ మౌనములో మాలో ఒక పెద్దాయన తలవంచుకొని కావలిదారు పేరు పలికారు. ఇంకెవరూ మాట్లాడలేదు.

ఆ ఆదివారము సాయంత్రము మేమిద్దరము అతని ఇల్లు వెదకికొని వెళ్లాము. అతడు పోయి రెండేండ్లయిందట. భార్య చాప వేసి, మంచినీళ్లిచ్చి, పిల్లల క్షేమము అడిగింది. దారి పొడవునా అనుకొన్న మాటలలో ఒక్కటీ మా నోటికి రాలేదు.