బెల్ వ్యూ స్పీడ్‌వే: ఇంటి మైదానం, ఇంటి రుణం

లండన్ శివార్లలోని ఎపింగ్ అడవిలో హై బీచ్ అనే చోట 1928 ఫిబ్రవరి 19న జరిగిన మోటార్‌సైకిల్ పందాలను బ్రిటన్‌లో స్పీడ్‌వే క్రీడకు ఆరంభంగా లెక్కించడం ఆనవాయితీ. ఆ లెక్కన 2028లో అక్కడ ఈ క్రీడకు నూరేళ్లు నిండుతాయి. ఈ సందర్భంలో ఆ క్రీడ చరిత్రను స్మరించేటప్పుడు మాంచెస్టర్ నగరపు బెల్ వ్యూ క్లబ్బును ముందు వరుసలో నిలపడం న్యాయం. క్లబ్బులు పుట్టి, మూతపడి, మరో ఊరికి తరలిపోయిన ఈ నూరేళ్లలో అదే నగరాన్ని, అదే పేటను అంటిపెట్టుకొని నిలిచిన సంస్థ అది.

స్పీడ్‌వే పందెంలో నలుగురు రైడర్లు అండాకారపు మట్టి ట్రాక్‌పై ఎడమవైపుకు తిరుగుతూ నాలుగు చుట్లు పూర్తి చేస్తారు. వారి 500 సీసీ యంత్రాలు మిథనాల్‌తో నడుస్తాయి, వాటికి బ్రేకులుండవు, ఒకే గేరు ఉంటుంది. మలుపు రాగానే రైడర్ వెనుక చక్రాన్ని కావాలనే పక్కకు జార్చి, ఉక్కు తొడుగు వేసిన ఎడమ కాలిని నేలకు ఆనించి బండిని తిప్పుతాడు. ఇలాంటి ఒక్కొక్క పందేన్ని హీట్ అంటారు. అందులో మొదటి ముగ్గురికి వరుసగా 3, 2, 1 పాయింట్లు దక్కగా నాలుగోవాడికి ఏమీ రాదు. సుమారు పదిహేను హీట్లలో రెండు జట్లు కూడబెట్టిన పాయింట్లను బట్టి లీగ్ పోటీ ఫలితం తేలుతుంది. రైడర్‌కు నెల జీతమంటూ ఉండదు. తన బండ్లు తానే కొని, తన మెకానిక్‌కు తానే డబ్బిచ్చి, ప్రధానంగా తెచ్చిన పాయింట్లను బట్టి సంపాదించుకుంటాడు. అగ్రశ్రేణి రైడర్ స్వదేశీ పోటీలకు విధేయుడై ఉండాలా అన్న చర్చలో ఈ సంగతి తరచుగా మరుగున పడుతుంది.

బెల్ వ్యూలో తొలి పందాలు 1928 వేసవిలో కిర్క్‌మన్‌షల్మ్ లేన్ గ్రేహౌండ్ మైదానంలో జరిగాయి. మరుసటి ఏడు, జంతు ప్రదర్శనశాలతో పేరుపొందిన బెల్ వ్యూ వినోద వనాల ఆవరణలో హైడ్ రోడ్ స్టేడియం వెలిసింది. ఇ. ఓ. స్పెన్స్ అనే నిర్వాహకుడు ఈ క్లబ్బును రెండో ప్రపంచ యుద్ధానంతరం వరకు నడిపించారు. ఎరిక్ లాంగ్టన్, ఫ్రాంక్ వేరీ, మాక్స్ గ్రాస్‌క్రూట్జ్, బిల్ కిచెన్ వంటి వారిని ఒకచోట చేర్చిన ఆయన హయాంలోనే 1933 నుంచి 1936 వరకు వరుసగా నాలుగేళ్లు జాతీయ లీగ్ బెల్ వ్యూకు దక్కింది. యుద్ధకాలంలో బ్రిటన్‌లోని ట్రాకులు దాదాపు అన్నీ మూతపడగా హైడ్ రోడ్‌లో మాత్రం పందాలు ఆగలేదు. కార్మికుల నగరానికి శనివారం ఒక ఊరట ఉండాలన్న పట్టుదల స్పెన్స్‌ది. ఈ సంస్థ గౌరవానికి పునాది అక్కడే పడిందనడం అతిశయోక్తి కాదు.

అయితే ఆ తొలి రోజుల వైభవం పక్కనే ఒక చేదు ఉంది. మాంచెస్టర్‌కు పొరుగున ఉన్న ఓల్డ్‌హామ్‌లో పుట్టిన క్లెమ్ బెకెట్ అనే రైడర్, ప్రాణాలొడ్డే కుర్రాళ్ల శ్రమతో నిర్వాహకులు ధనవంతులవుతున్నారని కార్మిక పత్రికలో రాసి, రైడర్లకు సంఘం కట్టడానికి పూనుకొని, క్రీడాధికారుల ఆగ్రహానికి గురయ్యారు. 1937 ఫిబ్రవరిలో స్పెయిన్ అంతర్యుద్ధంలో హరామా వద్ద పోరాడుతూ ఆయన మరణించారు. విధేయత అనే మాట ఈ క్రీడలో మొదటినుంచీ నిర్వాహకుడు రైడర్‌ను అడిగే మాటగానే ఉందనీ, రైడర్ ఎదురు అడిగితే అది ధిక్కారమైందనీ బెకెట్ జీవితం చూపుతుంది. ఉత్సవ వ్యాసాల్లో ఆయన పేరు అంతగా కనిపించకపోవడం సరికాదు.

యుద్ధం ముగిశాక కొన్నేళ్లు జనం విరగబడి వచ్చారు. తరువాత వినోదపు పన్ను, టెలివిజన్ కలిసి అనేక క్లబ్బులను మింగాయి. 1950ల దశాబ్దంలో బెల్ వ్యూ లీగ్ గెలవలేదు.

ఆ లోటును ఒక్కరే తీర్చినవారు పీటర్ క్రేవెన్. లివర్‌పూల్‌లో పుట్టిన ఈ పొట్టి మనిషిని బండిపై ఆయన చూపే తూకాన్ని బట్టి సమతౌల్య మాంత్రికుడని పిలిచేవారు. ఆయన 1955లోనూ 1962లోనూ వెంబ్లీ స్టేడియంలో ప్రపంచ విజేతగా నిలిచారు. ఇంగ్లండ్ రైడర్లలో రెండుసార్లు ఆ గౌరవం అందుకున్న తొలి వ్యక్తి ఆయనే. అంతటివాడై ఉండీ బెల్ వ్యూ రంగులు వేసుకొని వారం వారం చిన్నా పెద్దా ట్రాకులన్నిటిపైనా పందెం చేశారు. 1963 సెప్టెంబరులో ఎడిన్‌బరో నగరంలోని మెడోబ్యాంక్‌లో జరిగిన ఒక పోటీలో, ముందు పడిపోయిన రైడర్‌ను తప్పించబోయి కంచెకు ఢీకొని, కొద్ది రోజులకు 29 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అది ప్రపంచ పోటీ కాదు, లీగ్ కిరీటాన్ని తేల్చే పోటీ కూడా కాదు. జట్టు వెళ్లింది కనుక ఆయనా వెళ్లారు. బెల్ వ్యూ జాతీయ లీగ్ గెలిచిన సంవత్సరం కూడా 1963యే. స్వదేశీ పోటీలకు విధేయత గురించి నేడు మాట్లాడేవారు ఆయనను ఆదర్శంగా చూపుతారు, చూపవలసిందే. కాని ఆ ఆదర్శం ఎంత ఖరీదైనదో అదే నోటితో చెప్పకపోతే అది సగం నిజమే అవుతుంది. ఆయన పేరిట బెల్ వ్యూ నడిపే స్మారక పోటీ ఈ సంస్థ తీర్చుకుంటున్న రుణాల్లో అత్యంత యోగ్యమైనది.

క్రేవెన్ తరువాతి తరాన్ని తయారు చేసింది ఒక బడి. పూర్వపు రైడర్ డెంట్ ఆలివర్ మేనేజరుగా ఉండగా కొత్తవారి కోసం బెల్ వ్యూ కోల్ట్స్ అనే రెండో జట్టు ఏర్పడి, 1968, 1969 సంవత్సరాల్లో రెండో డివిజన్ విజేతగా నిలిచింది. న్యూజీలాండ్ దిగ్గజం ఇవాన్ మాగర్ నాయకత్వంలో మొదటి జట్టు 1970 నుంచి 1972 వరకు వరుసగా మూడుసార్లు బ్రిటిష్ లీగ్ గెలుచుకుంది. ఆ వాతావరణంలో ఎదిగిన చెషైర్ కుర్రాడు పీటర్ కాలిన్స్ 1976లో పోలండ్‌లోని ఖోజూఫ్‌లో ప్రపంచ విజేత అయ్యారు. మరుసటి ఏడు విరిగిన కాలితోనే తుది పోటీకి దిగి మాగర్ తరువాత రెండో స్థానం సాధించారు. ప్రపంచ విజేత అయ్యాక కూడా ఆయన లీగ్ జీవితమంతా బెల్ వ్యూలోనే గడిచింది.

కాలిన్స్ శీలాన్ని తగ్గించకుండానే ఆనాటి పరిస్థితిని గుర్తు చేయాలి. అప్పట్లో ప్రపంచంలోని మేటి రైడర్లలో అత్యధికులు బతుకుతెరువు కోసం బ్రిటిష్ లీగ్‌కే వచ్చేవారు. అలా వచ్చిన స్వీడన్ రైడర్లు తమ దేశపు లీగ్ పోటీల కోసం మధ్యలో విమానమెక్కి వెళ్లినప్పుడు బ్రిటిష్ నిర్వాహకులే మండిపడ్డారు. అంటే అప్పుడు బ్రిటన్ కోరింది రైడర్ స్వదేశీ భక్తిని కాదు, తన లీగ్ సౌకర్యాన్ని. పైగా ప్రపంచ పోటీకి దారి బ్రిటిష్ ఫైనల్ మీదుగానే పోయేది. స్వదేశీ ఫైనల్‌లో పాయింట్లు తేనివాడికి వెంబ్లీ ఆశ లేదు. ఇల్లు విడిచి వెళ్లనవసరం లేని కాలంలో ఇంటిపట్టున ఉండటం సులువు.

ఆ ఏర్పాటు 1990 నుంచి సడలింది. కమ్యూనిస్టు పాలన ముగిశాక పోలండ్ లీగ్ విదేశీయులకు తలుపులు తెరవగా, డెన్మార్క్ ప్రపంచ విజేత హాన్స్ నీల్సన్ లూబ్లిన్ నగరపు జట్టులో చేరారు. ఆ దారిన క్రమంగా మేటి రైడర్లంతా నడిచారు. 1995లో ఒక్క రాత్రి తుది పోటీ స్థానంలో, సీజన్ పొడవునా వేర్వేరు నగరాల్లో జరిగే గ్రాండ్ ప్రి పద్ధతి వచ్చింది. అందులో పైస్థానాలు సాధించినవారు మరుసటి ఏడు నేరుగా కొనసాగుతారు కనుక వారికి స్వదేశీ ఫైనల్ తప్పనిసరి మెట్టుగా ఉండటం మానేసింది. నియమం చేసే పనిని ఆనాటి నుంచి మనస్సాక్షికి అప్పగించారు. నేటి వారం లెక్క చూస్తే శుక్ర, ఆదివారాలు పోలండ్‌కు, మంగళవారం స్వీడన్‌కు, శనివారం గ్రాండ్ ప్రికి పోగా బ్రిటన్‌కు మిగిలేది ప్రధానంగా సోమ, గురువారాలు. అవి కూడా లేకపోతే రైడర్ ఒంటికి విశ్రాంతి ఎక్కడిది?

బ్రిటిష్ లీగ్ తన చేతులతో తాను చేసుకున్నదీ ఉంది. ఒక రైడర్ పోటీకి సగటున ఎన్ని పాయింట్లు తెస్తున్నాడో లెక్కగట్టి, ఒక జట్టులోని వారి సగటులన్నీ కలిపి ఒక పరిమితిని దాటకూడదని ప్రతి శీతకాలం నిబంధన పెడతారు. జట్ల మధ్య పోటీ సమంగా ఉండాలన్నది దాని ఉద్దేశం. కాని బాగా ఆడినందుకే సగటు పెరిగి, పెరిగినందుకే సొంత క్లబ్బులో చోటు పోగొట్టుకొన్న రైడర్లు ఎందరో ఉన్నారు. ప్రతిభను బరువుగా తూచి పక్కకు పెట్టే లీగ్, ఆ ప్రతిభ తనను వదిలిపోయిందని నిందించడం న్యాయమా? 2013, 2015, 2018 సంవత్సరాల్లో ప్రపంచ విజేతగా నిలిచిన టై వోఫిండెన్ కొన్నేళ్లు బ్రిటిష్ లీగ్‌కు దూరంగా ఉన్నప్పుడు వినబడిన విమర్శలను ఈ వెలుగులో చూడాలి. ఆ ఆరోపణకు ఆధారం లేకపోలేదు, కాని ఆరోపించినవారి చేతులు శుభ్రంగా లేవు.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం 1987. అరవై ఏళ్లకు చేరువైన హైడ్ రోడ్ స్టేడియాన్ని యాజమాన్యం కార్ల వేలంపాట సంస్థకు అమ్మివేసింది. నవంబరులో చివరి పందాలు ముగిశాయి. స్పెన్స్ యుద్ధంలో కూడా ఆపని చోట, క్రేవెన్ మలుపులు తిరిగిన చోట, మాగర్, కాలిన్స్, క్రిస్ మార్టన్ తదితరులు కిరీటాలు తెచ్చిపెట్టిన చోట యంత్రాలు గోడలు కూల్చాయి. తరతరాలుగా అవే మెట్లపై కూర్చున్న కుటుంబాలను అడిగినవారు లేరు, రైడర్లను అడిగినవారు లేరు. లీగ్ ఆ అమ్మకాన్ని ఆపలేకపోయింది. రైడర్ మరో దేశపు జట్టులో చేరితే ద్రోహమన్న క్రీడాలోకం, ఇల్లే అమ్ముడుపోయినప్పుడు దాన్ని వ్యాపారమని సరిపెట్టుకుంది. ఈ గాయం మాన్పడానికి క్లబ్బు 1988లో తాను పుట్టిన కిర్క్‌మన్‌షల్మ్ లేన్‌కే తిరిగి వెళ్లి, కుక్కల పందాల మైదానంలో ఇరుకైన ట్రాక్‌పై 28 సీజన్లు నెట్టుకొచ్చింది. ఆ కాలంలో దక్కిన లీగ్ కిరీటం ఒక్క 1993దే. సభ్యులూ అభిమానులూ ఆ ఏళ్లలో చూపిన ఓర్పుకు ఏ శిలాఫలకమూ లేదు.

నగరపాలక మండలి చేయూతతో సుమారు 80 లక్షల పౌండ్ల ఖర్చుతో నేషనల్ స్పీడ్‌వే స్టేడియం 2016 మార్చిలో సిద్ధమైంది. కాని ఆరంభోత్సవం నాడే ట్రాక్ ప్రమాదకరంగా ఉందని పందాలు ఆపివేయవలసి వచ్చింది. వేలాది ప్రేక్షకులు నిరాశతో వెనుదిరిగారు, ఆ ఏడే ఆర్థిక చిక్కులూ మొదలయ్యాయి. తట్టుకొని నిలిచిన ఫలితం తరువాత దక్కింది. 2021లో ఇదే మైదానంలో జరిగిన స్పీడ్‌వే ఆఫ్ నేషన్స్ పోటీలో గ్రేట్ బ్రిటన్ గెలిచింది. 1989లో బ్రాడ్‌ఫర్డ్‌లో ఇంగ్లండ్ గెలిచాక జట్టుగా ప్రపంచ కిరీటం రావడం అదే మొదలు. 2022లో, 2024లో బెల్ వ్యూ లీగ్ గెలిచింది. ఆ 2024లోనే రాబర్ట్ లాంబర్ట్, డాన్ బ్యూలీ జంట మాంచెస్టర్‌లో మరోసారి ప్రపంచ జట్టు కిరీటం తెచ్చింది. కంబ్రియా నుంచి వచ్చి బెల్ వ్యూలో రాటుదేలిన బ్యూలీ పోలండ్‌లో వ్రోత్స్వాఫ్ జట్టుకు కూడా పందెం చేస్తారు. విదేశీ సంపాదన జాతీయ జట్టుకు శత్రువు కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

తెలుగు పాఠకులకు ఈ వాదం రంజీ ట్రోఫీ రూపంలో పరిచితమే. 2024 ఫిబ్రవరిలో ఇషాన్ కిషన్, శ్రేయస్ అయ్యర్‌లకు బోర్డు వార్షిక ఒప్పందాలు ఇవ్వనప్పుడు దేశవాళీ క్రికెట్ పట్ల బాధ్యతపై ఇక్కడా చర్చ జరిగింది. కాని క్రికెట్ బోర్డు ఒప్పందం ఇచ్చి బాధ్యత అడుగుతుంది. స్పీడ్‌వే రైడర్‌కు అలాంటి ఆసరా లేదు. కనుక అతని రుణాన్ని కొలిచే తీరు వేరుగా ఉండాలి. అతను రుణపడింది లీగ్ పట్టికకు కాదు, తనకు మొదటి బండి నడపనిచ్చిన ట్రాక్‌కు, తన దేశపు జట్టుకు. ఏడాదికోసారి జరిగే జాతీయ చాంపియన్‌షిప్‌లో, జాతీయ జట్టు పిలుపులో, కోల్ట్స్ కుర్రాళ్ల శిక్షణ దినాల్లో అతను కనబడాలి. గాయం తప్ప మరే కారణమూ చెప్పకూడదు. వారం వారం లీగ్‌లో ఉండాలని అడిగే హక్కు మాత్రం ట్రాక్‌ను భద్రంగా ఉంచి, సగటు పరిమితి పేరిట మేటివాడిని గెంటివేయని లీగ్‌కే ఉంటుంది.

ఈ సందర్భంలో స్మరించవలసిన రైడర్లలో పైన వచ్చిన పేర్లతో పాటు జాక్ పార్కర్, లూయిస్ లాసన్, కెన్ షార్పుల్స్, సోరెన్ షోస్టెన్, క్రిస్ పుసే, షాన్ మోరన్, జో స్క్రీన్, జేసన్ లయన్స్, జేసన్ క్రంప్, సైమన్ స్టెడ్, మాక్స్ ఫ్రికీ, స్టీవ్ వోరల్ ఉన్నారు. వారితో పాటు ట్రాక్ చదును చేసేవారు, అంబులెన్స్ సిబ్బంది, మార్షళ్లు, టికెట్ల కిటికీ దగ్గరి స్వచ్ఛంద కార్యకర్తలు, పిట్స్ అనే యంత్రాల ఆవరణలో నూనె మరకల చేతులతో పనిచేసే మెకానిక్‌లు ఈ సంస్థను నిలబెట్టారు. 1978లో ట్రాక్‌పై ప్రమాదం జరిగి నడక కోల్పోయిన కెప్టెన్ అలన్ విల్కిన్సన్ పేరును వేరుగా చెప్పాలి. గాయపడిన రైడర్ల సహాయ నిధి నేటికీ అభిమానులు స్టేడియంలో వేసే విరాళాలపై ఎక్కువగా ఆధారపడి ఉంది. నూరేళ్ల ఉత్సవానికి వసూలయ్యే సొమ్ములో మొదటి వాటా ఆ నిధికి చేరేలా నిర్వాహకులు ఇప్పుడే తీర్మానించాలి.