కచేరి భాష, రైతు భాష

సంఘసంస్కరణ మనగానే మన తలపు రాజమహేంద్రవరమునకు పోవును. 1881 డిసెంబరున వీరేశలింగము పంతులుగారు అచట జరిపించిన వితంతు వివాహమును, దానిపై పత్రికలలో సాగిన వాదములను మనము చదువుకొంటిమి. అది బ్రిటిషువారి యేలుబడిలోని సీమ. సభ చేయుటకును, కరపత్రము వేయుటకును అచట కొంత వెసులుబాటు కలదు. అదే కాలమున వికారాబాదు, తాండూరు ప్రాంతముల రైతునకు తన కష్టమును తన భాషలో చెప్పుకొను చోటే అరుదు. ఇచట సంస్కరణము భాషతో నేల మొదలయ్యెనో తెలియవలెనన్నచో, ఈ రైతుపై నెందఱు దొరలుండిరో ముందు చూడవలెను.

వికారాబాదునకు ఆ పేరు పాయెగా ప్రభువగు వికారుల్ ఉమ్రా వలన కలిగెనని చెప్పుదురు. ఆయన 1893 మొదలు 1901 వఱకు నైజాము ప్రధానమంత్రి. ఫలక్‌నుమా సౌధమును కట్టించినవాడు. పాయెగాలు సైన్యమును నిలుపు నిమిత్తము ఇయ్యబడిన జాగీరులు. వానిలో పన్నుల వసూలు, న్యాయవిచారణ, పోలీసు అన్నియు ప్రభువు కొలువునకు లోబడినవే. ఆ ప్రభువుపై నిజాము. నిజాముపై బ్రిటిషు రెసిడెంటు.

ఈ మూడవ దొరతనము పల్లెవానికి కంటబడినది రైలు రూపమున. 1874లో వాడి నుండి సికిందరాబాదునకు తాండూరు, వికారాబాదుల మీదుగా మార్గము తెఱవబడెను. సికిందరాబాదు దండునకు అది మిక్కిలి అక్కఱ. వ్యయభారము మాత్రము నైజాము ఖజానాది. పట్టాల క్రింది నేలపై న్యాయాధికారమును సయితము బ్రిటిషువారు పుచ్చుకొనిరి. నైజాము రైలుమార్గములోని యొక స్టేషనునందు, సిమ్లా మేజిస్ట్రేటు పంపిన వారంటుపై, నైజాము ప్రజ నొకనిని పట్టుకొనిరి. ఆ వ్యవహారము లండనులోని ప్రీవీ కౌన్సిలు దాక పోగా, ఆ నేలపై బ్రిటిషువారి యధికారము రైలు సంబంధమగు పనులకే పరిమితమని 1897లో తీర్పు వచ్చెను. తీర్పు మంచిదే. కాని పట్టాలకు పది బారల యివతల నిలిచిన కూలిని పట్టి సర్కారు మూట మోయించినచో, అతడు ఏ కౌన్సిలునకు పోగలడు?

పోయినను ఏ భాషలో చెప్పుకొనును? 1880 ప్రాంతముల కచేరీలలో పారసీ పోయి ఉర్దూ వచ్చెను. తాండూరు సంతలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినవచ్చును. బేరము ఏ భాషలోనైనను తెగును. కచేరిలో మాత్రము ఒక్కటే భాష. తన భూమికి సంబంధించిన కాగితమున ఏమున్నదో పట్వారి చెప్పినంతయే రైతునకు తెలియును. వెట్టికి పట్టబడిన మాల, మాదిగ, చాకలి, మంగలి కులములవారి మాట చెప్పనేల?

సంస్కర్తలైన ఈ సంగతి గుర్తించిరా యనిన, లేదనియే చెప్పవలెను. 1921 నవంబరున హైదరాబాదు వివేకవర్ధినీ మందిరమున నిజాము రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగెను. అధ్యక్షులు మహర్షి కార్వే. స్త్రీవిద్యకు జీవితమును ధారవోసిన ఆ మహనీయుని యెదుటనే, ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప లేవగా కొందఱు అల్లరిచేసి మాటాడనీయలేదు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ప్రసంగములకు లేని అడ్డంకి తెలుగునకు కలిగెను. సంస్కారమును బోధింపవచ్చిన సభకే ఆ సంస్కారము కొఱవడెనని మా యభిప్రాయము. ఆ యవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను.

దాని నాయకుడు మాడపాటి హనుమంతరావుగారు ఉర్దూ పత్రికలకు వ్రాసిన రచయిత, న్యాయవాది. తక్కిన పెద్దలలోను పలువురు ఉర్దూ కచేరీలలో వాదించువారే. కావున ఇది ఉర్దూపై ద్వేషము కాదు. సంఘము వెట్టిచాకిరిని గూర్చియు, వర్తకుల స్వాతంత్ర్యమును గూర్చియు చిన్న పొత్తములను తెలుగున ప్రకటించెను. దౌరా వచ్చిన యధికారికి ఊరకే సరకు లియ్యనక్కఱలేదని చదివి తెలిసికొన్న కోమటి, మూట మోయ నిరాకరింపవచ్చునని విన్న కూలి, వీరికి ఆ పొత్తములు ఏ కావ్యముకంటెను విలువైనవి.

1929లో 53వ నంబరు గస్తీ వచ్చినది. ముందుగా అనుమతి లేనిది సభ కూడరాదు. అయినను 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. వికారాబాదు చెంతనున్న చేవెళ్ళ ప్రాంతపువాడగు కొండా వెంకటరంగారెడ్డిగారు 1936లో షాద్‌నగరు సభకు అధ్యక్షులైరి. ఒక సంగతి దాచరాదు. వెట్టి మానవలెనని తీర్మానించిన సభలలోనే వెట్టి చేయించుకొను దొరలును కూర్చుండిరి. వకీళ్ళ వినతులు చాలవన్న యువకుల కోపమునకు అది యొక కారణము. 1944 భువనగిరి సభతో మహాసభ రెండుగా చీలెను.

1948లో నైజాము ప్రభుత్వము కూలెను. 1949 ఆగస్టు 15న జాగీరుల రద్దు శాసనము వెలువడెను. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగగా, అప్పటికి గుల్బర్గా జిల్లాలోనున్న తాండూరు తాలూకా, కోడంగల్ తాలూకాతోగూడ, మైసూరునకు పోక ఆంధ్రప్రదేశమున చేరెను. దొరతనములు మూడును పోయినవి. వారి కాగితములు మాత్రము నిలిచియున్నవి. తాతనాటి సేత్వారు నకలు పుచ్చుకొన్న రైతు, అందలి యుర్దూ చదివి చెప్పగల ముసలివానిని వెదకికొని నేటికిని తిరుగుచున్నాడు.