ధారూరు క్రైస్తవ జాతర

ధారూరు క్రైస్తవ జాతర వికారాబాద్ జిల్లా ధారూరు సమీపంలోని అటవీ ప్రాంతంలో ఏటా నవంబరులో కొన్ని రోజులపాటు జరిగే మెథడిస్టు ప్రార్థన కూటం. ఇది 1920వ దశకంలో మిషనరీల కాలంలో మొదలైంది. 1801లో అమెరికాలోని కెంటకీలో కేన్ రిడ్జ్ కూటంతో ప్రసిద్ధి చెందిన ఆరుబయలు గుడారాల సమావేశాలు దీనికి మూలరూపం. పేరు, వాతావరణం మాత్రం తెలంగాణ జాతరవే.

వికారాబాద్–తాండూరు రైలుమార్గంలో ధారూరు స్టేషను ఉంది. చుట్టుపక్కల మండలాల కుటుంబాలు, దూరప్రాంతాల విశ్వాసులు ఇక్కడ గుడారాలు వేసుకుని, వంటావార్పూ చేసుకుంటూ బస చేస్తారు. కీర్తనలు, వాక్యోపదేశం, ఉపవాస ప్రార్థన, సాక్ష్యాలు ప్రధాన కార్యక్రమాలు.

మనోవేదన నుంచి ఊరట కోరి వచ్చేవారికి సాక్ష్యం చెప్పడం ముఖ్యమైన ఘట్టం. ఆప్తుల మరణం, సంతానలేమి, అప్పులు, కుటుంబ కలహాల వంటి బాధలను సంఘం ఎదుట వెల్లడిస్తారు; పాదిరి, తోటి విశ్వాసులు వారి తలపై చేయి ఉంచి ప్రార్థిస్తారు. బైబిలులోని 150 కీర్తనల్లో పెద్ద భాగం విలాపాలే కావడంతో, దుఃఖాన్ని దాచకుండా దేవునికి మొరపెట్టుకోవడానికి లేఖనాధారం ఉంది. మొక్కు తీరినవారు మరుసటి ఏడు కృతజ్ఞతార్పణలతో తిరిగి వస్తారు.