గనుల దిబ్బలు, వాటిపై మొక్కలు

మరికుప్పములో రైలు దిగి మా యిండ్లకు వచ్చు బంధువులు మొదట అడుగునది ఒక్కటే: "ఆ బూడిదరంగు కొండలేమి?" అవి కొండలు కావు; మన తాతలు భూగర్భమునుండి తెచ్చిన రాతి యొక్క పిండి.

కోలారు బంగారు గనులలో జాన్ టేలర్ కంపెనీవారు 1880లో పని ఆరంభించిరి. నాటి ఉత్తర ఆర్కాటు జిల్లాలోని చిత్తూరు పరిసరములనుండి మనవారు వచ్చి సొరంగములలో దిగిరి. 1894లో బౌరింగుపేటనుండి మరికుప్పమునకు రైలు పడినది. రాతిని పిండిచేసి, సయనైడు నీటితో బంగారము కరగదీసి, మిగిలినది బయట పోసిరి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడునాటికి అట్టి దిబ్బలు 13. వాటి బరువు సుమారు 3.3 కోట్ల టన్నులు.

సయనైడు ఎండకు, గాలికి చాలవరకు విరిగిపోవును. రాతిలోని లోహములు మాత్రము పోవు. ఆ పిండిలో ఎరువు లేదు, తేమ నిలువదు. అయినను దిబ్బల అంచులలో సర్కారు తుమ్మ, జిల్లేడు, గరిక తలయెత్తినవి. ఈ తుమ్మయు మనవలెనే వలస వచ్చినది: 1877లో జమైకానుండి విత్తనములు తెప్పించి కడప జిల్లా కమలాపురము అడవిలో నాటిరి.

ఇట్టి నేలలో మొక్క ఎట్లు బ్రతుకును? బ్రాడ్‌షా అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వేల్సులోని పాత సీసపు గనుల వద్ద మొలిచిన గడ్డిని పరిశీలించి 1952లో ప్రకటించెను. అదే జాతి గడ్డిని మంచి బీడునుండి తెచ్చి గని మట్టిలో నాటిన బ్రతుకలేదు. గని గడ్డి మాత్రము బ్రతికినది. వేల విత్తనములలో విషమును తట్టుకొనగల కొద్దివే మిగిలి, వాటి సంతతియే అక్కడ పెరిగినదన్నమాట.

కొన్ని మొక్కలు లోహమును వేళ్ళలోనే ఆపును. కొన్ని ఆకులకు ఎక్కించును. న్యూ కాలెడోనియా ద్వీపములో ఒక చెట్టు పాలు నికెలుతో నీలి ఆకుపచ్చగా ఉండును. ఏది ఎట్టిదో కంటికి తెలియదు. కావున పచ్చగా ఉన్నంతమాత్రాన నేల శుభ్రమయినదని తలపరాదు.

నిరుడు ఉగాదికి మా పిల్లలు దిబ్బ ప్రక్క వేపచెట్టునుండి పువ్వు దూసి తెచ్చిరి. మా అవ్వ దానిని పచ్చడిలో పడనీయలేదు. "ఆ దుమ్ము మీ ముత్తాత రొమ్ములో చేరింది చాలు, మీ నోట్లోకి వద్దు నాయనా" అన్నది. ఆయన గని దుమ్ముతో దగ్గి దగ్గి పోయినాడు.

దిబ్బపై మొక్కలను నరకవద్దు. వాటి వేళ్ళు దుమ్మును పట్టి ఉంచుచున్నవి. అక్కడి ఆకును కూరకు కోయవద్దు, మేకలను తోలవద్దు. పండుగ పువ్వును దూరపు చెట్టునుండి తెచ్చుకొందము. అందరికిని ఉగాది శుభాకాంక్షలు.