నూరు యోజనముల నడక

కూర్చుండి తినిన కొండలైనను కరగునని మన పెద్దల సామెత. కొండలు కరగిన కరగుగాక. కూర్చుండి తినువాని రక్తమునందలి చక్కెర మాత్రము కరగదు. భోజనము ముగించి, పడక కుర్చీలో చేరగిలబడి, రేడియోకు చెవి యొగ్గిన మనకు ఈ మాట కొంత గుచ్చుకొనక మానదు. మధుమేహమునకు దేహశ్రమయు నొక ఔషధమను భావము నేటి వైద్యులు క్రొత్తగా కనిపెట్టినది కాదు. తొలుత అనుభవముచే తెలిసి, నడుమ కొంత వెనుకబడి, తుదకు లెక్కలచే రుజువైన సత్యమది. దాని కథను కొంత ముచ్చటించుకొందము.

చరకసంహితలో ప్రమేహమునకు కారణములను చెప్పుచో మొట్టమొదట పేర్కొన్నవి సుఖాసనము, సుఖనిద్ర. పెరుగు, క్రొత్త ధాన్యము, బెల్లపు వంటకములు ఆ తరువాతివి. సుశ్రుతుడు పుట్టుకతో వచ్చు ప్రమేహమును, అపథ్యమువలన వచ్చు ప్రమేహమును వేరుచేసెను. మొదటి రోగి కృశించియుండుననియు, రెండవవాడు స్థూలకాయుడై పడకను, ఆసనమును విడువజాలకుండుననియు వర్ణించెను. నేడు మొదటి రకము, రెండవ రకము అని మనము చెప్పుకొను భేదమునకు ఇది యెంతో సమీపముగ నున్నది.

సుశ్రుతుడు చెప్పిన చికిత్స మరింత ఆసక్తికరము. రోగము ముదిరినవానికి కుస్తీ, గుఱ్ఱపు స్వారి, ఏనుగు స్వారి, కాలినడక మున్నగునవి విధించెను. మరి ధనహీనుని మాట యేమి? అతడు చెప్పులు, గొడుగు లేక, భిక్షాన్నము భుజించుచు, ఒక్కొక్క గ్రామమున ఒక్క రాత్రికి మించి నిలువక, నూరు యోజనములు నడువవలెనట. కాదేని బావి త్రవ్వవలెను, ఆవుల వెంట తిరుగవలెను. కాసు ఖర్చులేని వైద్యమే గాని, కఠినమైనది.

ఇక పందొమ్మిదవ శతాబ్దపు ఫ్రాన్సుదేశమునకు పోదము. అచట అపోలినేర్ బూషార్దా యను వైద్యుడు మధుమేహమును శ్రద్ధతో పరిశీలించుచుండెను. 1870లో జర్మను సేనలు పారిస్ నగరమును ముట్టడించినపుడు తిండి కరవై, ఆయన రోగులలో కొందరి మూత్రమున చక్కెర తగ్గిపోయెను. మితాహారపు విలువ అట్లు స్పష్టమయ్యెను. ఆహార నియమముతో పాటు శారీరక శ్రమను గూడ ఆయన గట్టిగా విధించెను. రొట్టె కావలెనన్న చెమటోడ్చి సంపాదించుకొనుమని ఒక రోగికి చెప్పెనని ప్రతీతి.

1921లో కెనడాలోని టొరాంటో నగరమున ఇన్సులిన్ కనుగొనబడెను. ఆ కాలముననే లారెన్సు అను యువ బ్రిటిష్ వైద్యుడు మధుమేహముతో బాధపడుచు, బ్రతుకు మీద ఆశ వదలుకొని, ఇటలీలోని ఫ్లారెన్సులో రోజులు లెక్కించుచుండెను. ఇన్సులిన్ దొరకినది, వెంటనే రమ్మని 1923లో లండనునుండి వార్త వచ్చెను. ఆయన వెళ్ళెను, బ్రతికెను, 1968 వరకు జీవించెను. వ్యాయామము చేసినపుడు ఇన్సులిన్ మరింత బలముగ పనిచేయునని 1926లో ప్రకటించినవాడు ఈయనయే. అమెరికాలో జోస్లిన్ అను వైద్యుడు ఆహారము, ఇన్సులిన్, వ్యాయామము అను మూడింటిని ఒకే రథమునకు కట్టిన మూడు గుఱ్ఱములతో పోల్చెను.

అయినను సూదిమందు, మాత్ర చేతికందిన పిదప మూడవ గుఱ్ఱమును మరచుట మనుష్య స్వభావము. దానిని మరల ముందునకు తెచ్చినవి ఇటీవలి పరిశోధనలు. చీనాదేశమున దాచింగ్ పట్టణములో 1986లో, రక్తమున చక్కెర పెరిగియు ఇంకను మధుమేహము రాని 577 మందిని ఎన్నుకొనిరి. ఆరు సంవత్సరములు గడచునప్పటికి, ప్రత్యేక సలహా లేనివారిలో నూటికి 68 మందికి వ్యాధి వచ్చెను. వ్యాయామము విధింపబడినవారిలో 41 మందికే వచ్చెను. మన చెన్నపట్టణమునను ఇట్టి 531 మందిపై జరిగిన పరిశోధన ఫలితములు 2006లో వెలువడెను. మూడు సంవత్సరములలో, మామూలు సలహా పొందినవారిలో నూటికి 55 మంది రోగులు కాగా, ఆహార నియమముతో పాటు నడకను అలవరచుకొన్నవారిలో 39 మంది మాత్రమే రోగులైరి. దేశమున మధుమేహ రోగులు 10 కోట్లకు మించిరని 2023లో ఒక సర్వే తెల్పినది. ఆ సంఖ్య ముందు ఈ తేడా స్వల్పమైనది కాదు.

ఇందలి కీలకము సులభమైనదే. పనిచేయు కండరము ఇన్సులిన్ సాయము కొరకు వేచియుండక రక్తమునుండి చక్కెరను లాగుకొనును. శ్రమ ముగిసిన పిదపను ఒకటి రెండు రోజులు ఆ గుణము నిలుచును. కనుకనే రెండు రోజులకు మించి వ్యాయామము మానరాదని వైద్యులందురు. వారమునకు 150 నిమిషముల చురుకైన నడక పెద్దలకు సాధారణముగ చెప్పు కొలత.

అయితే కొన్ని జాగ్రత్తలు వలయును. నడక మందుకు తోడే గాని మారు కాదు. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగుగ తగ్గించు మాత్రలు గాని వాడువారు, లారెన్సు చెప్పిన కారణముచేతనే, జేబులో కొంత చక్కెర ఉంచుకొనవలెను. చెమటలు, వణకు తోచిన వెంటనే దానిని తినవలెను. గుండెజబ్బు గాని, కంటిజబ్బు గాని కలవారు ముందుగ వైద్యుని అడుగవలెను. ఒక్క విషయమున మాత్రము సుశ్రుతుని మాట నేడు పాటింపరాదు: మధుమేహికి పాదముల స్పర్శ తగ్గవచ్చును గనుక, చెప్పులు లేని నడక ప్రమాదము. మెత్తని పాదరక్షలు తొడిగి, ఇంటికి రాగానే పాదములను పరీక్షించుకొనవలెను.

దినమునకు అరగంట చురుకుగ నడచువాడు సుమారు మైలున్నర నడచును. ఏడాదికి అది 500 మైళ్ళు దాటును. యోజనమునకు అయిదు మైళ్ళని యొక లెక్క కలదు. ఆ లెక్కన మన వీధిచివరి వరకు పోయివచ్చు నడకయే, భిక్షాటనము అక్కరలేకయే, సుశ్రుతుని నూరు యోజనములగును. ఈ ప్రసంగము ముగిసినది. రేడియో కట్టి, చెప్పులు తొడుగుకొని, నాలుగడుగులు వేసివత్తము రండు.